అమ్మమ్మ సంవత్సరీకానికి చిన్న పుస్తకం వేయించాలి (చెన్నై). తేదీలు, ఫోటోలు, అచ్చు గురించి తెలిసినవాళ్లు చెప్పండి

వెస్ట్‌మాంబళం_మనవరాలు

అందరికీ నమస్కారం. మా అమ్మమ్మ పోయిన కార్తీక బహుళంలో కాలం చేసింది. 2026లో వచ్చే సంవత్సరీకానికి వచ్చినవాళ్ల చేతిలో పెట్టడానికి 32 పేజీల పుస్తకం, 150 కాపీలు వేయించాలని అనుకున్నాం. అచ్చు చెన్నైలోనే.

మా దగ్గర ఉన్నవి: జాతకం కాగితం (ధాత నామ సంవత్సరం, మాఘ మాసం అని ఉంది, తిథి దగ్గర చిరిగిపోయింది), ఆధార్ కార్డు (1-1-1936), సుమారు నలభై ఫోటోలు (సగం ఫ్రేముల్లో, సగం జిగురు ఆల్బంలో), ఆవిడ చేత్తో రాసుకున్న మంగళహారతుల నోటుబుక్కు, హిందీ ప్రచార సభ పరీక్ష సర్టిఫికెట్టు ఒకటి. పెళ్లయి నెల్లూరు నుంచి మద్రాసు ఏ సంవత్సరంలో వచ్చిందంటే ఇంట్లో తలా ఒక లెక్క చెబుతున్నారు.

నలభై ఏళ్లు ప్రతి శనివారం గుడికి ప్రసాదం వండి పంపింది. వీధిలో పిల్లలకు బడి ఫీజులు కట్టింది. ఇదంతా రాద్దామని కూర్చుంటే "ప్రేమమూర్తి, త్యాగశీలి, అపర అన్నపూర్ణ" అంటూ శ్రద్ధాంజలి ఫ్లెక్సీలా తయారైంది. ఎలా రాయాలి? ఎక్కడ మొదలుపెట్టాలి?

తిథి_వారం

ముందు గడువు తేల్చుకోండి. సంవత్సరీకం తిథి ప్రకారం కదా. మామూలు ఏడాదైతే ఇంగ్లీషు తేదీ కన్నా 11 రోజులు ముందే వస్తుంది. కానీ 2026లో అధిక జ్యేష్ఠం ఉంది (మే 17 నుంచి జూన్ 15 దాకా), కాబట్టి ఈసారి కార్తీక బహుళం పోయినేటి కన్నా దాదాపు 19 రోజులు ఆలస్యంగా వస్తుంది. మాసికాల లెక్కా మారుతుంది. మీ పురోహితుణ్ణి అడిగి తేదీ రాయించుకుని, దానికి మూడు వారాల ముందు ప్రెస్సుకు ఫైలు వెళ్లేలా చూసుకోండి.

పుట్టిన తేదీ సంగతి. ధాత అంటే 1936 ఉగాది నుంచి 1937 ఉగాది దాకా. మాఘం ఆ ఏటి చివర్లో వస్తుంది. అంటే ఆవిడ పుట్టింది 1937లో, ఫిబ్రవరి రెండో వారానికీ మార్చి రెండో వారానికీ మధ్య. "ధాత అంటే 1936" అని రాసేయడం నూటికి తొంభైమంది చేసే పొరపాటు. మాఘ ఫాల్గుణాల్లో పుట్టినవాళ్లకు తప్పకుండా ఒకటి కలపాలి. పుష్యమైతే జనవరి 1కి ఇటా అటా అన్నది చూసుకోవాలి. ఆధార్‌లో 1-1 అని ఉన్నదంటే తేదీ తెలియక వయసు చెప్పి రాయించుకున్నదని అర్థం, దాన్ని నమ్ముకోకండి. ఈ లెక్కన ఆవిడ పోయేనాటికి 88 నిండి 89 నడుస్తోంది.

చిరిగిన తిథి గురించి దిగులు పడక్కర్లేదు. జాతకంలో జన్మ నక్షత్రం ఉండి తీరుతుంది. చాంద్రమాసంలో ఒక నక్షత్రం ఒకసారే వస్తుంది, అరుదుగా రెండుసార్లు. పక్కన వారం కూడా ఉంటే తేదీ ఒక్కటే మిగులుతుంది. పాత తేదీలకు పంచాంగం చూపించే సైట్లు చాలా ఉన్నాయి, 1937 అని పెట్టి వెతకండి. ఒక్క మెలిక: మనకు రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. "సోమవారం రాత్రి తెల్లవారుఝామున 4 గంటలకు" అని జాతకంలో ఉంటే ఇంగ్లీషు లెక్కలో అది మంగళవారం.

చెన్నై కాబట్టి ఇంకో మాట. తమిళులకూ అవే సంవత్సరాల పేర్లు, కానీ వాళ్ల ఏడు ఏప్రిల్ 14 దగ్గర మారుతుంది, నెలలు సౌరమానం. ఏ కాగితంలోనైనా "మాసి" అని కనిపిస్తే దాన్ని మాఘం అని రాసేయకండి.

మద్రాసు వచ్చిన ఏడు తేలాలంటే ఎవరినీ సంవత్సరం అడగొద్దు, దానికి గుర్తులు అడగండి. వచ్చిన కొత్తలో ఊళ్లో ట్రాములు తిరుగుతున్నాయని ఆవిడ ఎప్పుడైనా చెప్పిందా? ట్రాములు ఆగిపోయింది 1953లో. పొట్టి శ్రీరాములుగారు మైలాపూరులో నిరాహారదీక్షతో ప్రాణం వదిలింది 1952 డిసెంబరు 15న, ఆంధ్ర రాష్ట్రం వచ్చింది 1953 అక్టోబరు 1న. నెల్లూరు మనిషికి ఆ రెండూ గుర్తుండకుండా ఉండవు. కాపురం పెట్టిన కొత్తలో పద్దు అణాల్లో రాసిందా, నయాపైసల్లోనా? నయాపైసలు 1957 ఏప్రిల్ 1 నుంచి. ఇలా రెండు గుర్తుల మధ్య ఇరికిస్తే సంవత్సరం దానంతటదే బయటపడుతుంది. అప్పటికీ తేలకపోతే "1953 ప్రాంతంలో" అనండి, తప్పేం లేదు.

హిందీ సర్టిఫికెట్టు తీసిపారేయకండి. దాని మీద పరీక్ష నెల, సంవత్సరం ఉంటాయి. పేరు ముందు పుట్టింటి పొడి అక్షరం ఉంటే పెళ్లికి ముందు రాసినట్టు, మెట్టినింటిదైతే తరవాత రాసినట్టు. సంసారంలో పడ్డాక కూర్చుని పరీక్ష రాసిందంటే అది పుస్తకంలో ఒక పేరాకు తగిన సంగతి.

పాతఫోటోల_పెట్టె

ఫోటోల గురించి నేను చెబుతాను.

ఫ్రేముల్లో ఉన్నవాటిని ముందు ఊడదీయకండి. చెన్నై తేమకు ఫోటో మీద ఉండే జెలటిన్ పొర మెత్తబడి అద్దానికి అతుక్కుపోతుంది. లాగితే ముఖం అద్దం మీదే ఉండిపోతుంది. నీళ్లలో నానబెడితే ఊడుతుందని చెప్పేవాళ్లుంటారు. స్టూడియోవాళ్లు చేత్తో రంగులద్దిన ఫోటో అయితే ఆ రంగులు నీళ్లలో కలిసిపోతాయి. అతుక్కుంది అనుకుంటే అద్దం పైవైపు తుడిచి, అద్దంతో సహా స్కానర్ మీద బోర్లించి స్కాన్ చేయండి. అతుక్కోని వాటిని మాత్రం వెనక అట్ట విప్పి తీయండి. అట్ట లోపల స్టూడియో ముద్ర, పెన్సిల్‌తో రాసిన తేదీ దొరుకుతుంటాయి. ప్రతి ఫోటోకూ వెనకవైపు కూడా స్కాన్ చేయండి.

జిగురు ఆల్బంలోవి: పళ్ల సందులు శుభ్రం చేసుకునే దారం (డెంటల్ ఫ్లాస్) మైనం లేనిది తీసుకుని, ఫోటో కింద ఒక మూల నుంచి మెల్లగా రంపంలా అటూ ఇటూ ఆడిస్తూ రండి. ఫోటోను పైకి వంచొద్దు, విరుగుతుంది. రాకపోతే వదిలేసి, ప్లాస్టిక్ షీటు మాత్రం ఎత్తి పేజీని పేజీలాగే స్కాన్ చేయండి. హెయిర్ డ్రయ్యర్ జోలికి పోకండి.

కొలతలు: పోస్టుకార్డు సైజుకు 600 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలన్న లెక్క), పాస్‌పోర్టు సైజుకు 1200. అచ్చుకు 300 కావాలి కాబట్టి, 600లో తీసిన 2×3 అంగుళాల ఫోటోను 4×6 దాకా పెంచుకోవచ్చు. అంతకు మించి లాగితే మసకబారుతుంది. బంధువుల దగ్గరున్నవి వాట్సాప్‌లో ఫోటోగా పంపిస్తే కుదించుకుపోతాయి. డాక్యుమెంటుగా పంపమనండి.

ఇక మెరుగులు. ఫోన్ యాప్‌లతో "క్లియర్" చేయిస్తే ముఖం మారిపోతుంది, లేని పళ్లు మొలుస్తాయి. స్టూడియోలో కుర్రాడికిస్తే ఇంకో ప్రమాదం: ముక్కుపుడకను మచ్చ అనుకుని తుడిచేస్తాడు. రెండు వైపులా పుడకలుంటే ఒకటి ఉంచి ఒకటి తీసేస్తాడు. గీతలు, చెదలు తిన్న మూలలు సరిచేయమనండి, ముఖం మీద చెయ్యి పెట్టొద్దని కాగితం మీద రాసివ్వండి.

నలభై ఫోటోలూ వేయాలనుకోకండి. ఈ సైజుకు పన్నెండు, పద్నాలుగు చాలు. ఫోటో కింద "పెద్దమ్మ, బాబాయి, చిన్నత్త" అని రాస్తే చదివేవాళ్లలో సగం మందికి ఆ వరస తప్పు. పేరు రాసి, ఆవిడకు ఏమవుతారో రాయండి: "ఎడమ నుంచి: ఫలానా (రెండో ఆడపడుచు)". గుర్తుపట్టలేనివాళ్లుంటే వాళ్ల పేరు చోటు ఖాళీగా వదలండి. పుస్తకం చూసినవాళ్లే చెబుతారు.

చుక్కల_ముగ్గు

ఫ్లెక్సీ భాష ఎందుకొస్తుందంటే, "ఆవిడ ఎలాంటి మనిషి?" అని అడిగితే ఎవరైనా విశేషణమే చెబుతారు. వస్తువు గురించి, పని గురించి అడగండి. శనివారం ఎన్నింటికి లేచేది? పొయ్యి ఎప్పుడు ముట్టించేది? ఏ గిన్నెలో వండేది, ఎవరు మోసుకెళ్లేవారు? తడిబట్టతోనే వండేదా? ఇంట్లో మైల వస్తే ఆ వారం ఎవరు వండేవారు? బియ్యం ఎక్కడివి? ఏకాదశి నాడు ఏం తినేది? ముడుపులు ఏ దేవుడికి కట్టి, ఎందులో దాచేది? ఈ చివరి ప్రశ్న వేశాక కాసేపు ఊరుకోండి, చాలా వస్తాయి.

రికార్డింగు నలభై నిమిషాలు దాటనివ్వకండి, పెద్దవాళ్లు అలిసిపోతారు. ఫ్యాను ఆపాలి. ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి వాళ్ల నుంచి జానెడు దూరంలో, కింద తువ్వాలు పరిచి పెట్టండి, లేకపోతే బల్ల చప్పుడు పడుతుంది. మొదట్లో తేదీ, మాట్లాడేవారి పేరు మీరే చెప్పండి. వీలైతే ఇద్దరు ముసలమ్మలను కలిపి కూర్చోబెట్టండి. ఒకరు తప్పు చెబితే రెండోవారు ఊరుకోరు.

ప్రసాదం గురించి రాసేటప్పుడు కొలత లేకపోతే ఆ పేరా వేయడం దండగ. ఆవిడ కొలిచిన పాత్ర ఇంట్లో ఉంటే తీసి, నీళ్లు నిండా పోసి ఎన్ని మిల్లీలీటర్లో చూడండి. తరవాత బియ్యం పోసి తూచండి. 200 మిల్లీలీటర్ల గ్లాసు నిండా బియ్యం 160–170 గ్రాములు తూగుతాయి. నోటుబుక్కులో గిద్దె, సోల, తవ్వ అని ఉంటే: నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. కానీ సోల అన్ని ఊళ్లలో ఒకటి కాదు. పైగా మద్రాసులో కొన్న పాత్ర అయితే అది "పడి" కొలత కావచ్చు. పాత్ర పట్టుకుని తూచిందే లెక్క.

పులిహోరైతే కిలో బియ్యానికి చింతపండు 100–120 గ్రాముల దగ్గర ఉంటుంది. ఆవిడ అయిదు కిలోలకు చేసిన పద్ధతిని నలుగురికి భాగహారం చేసి అచ్చు వేయొద్దు. పెద్ద గిన్నెలో నీళ్లు ఆవిరయ్యేది తక్కువ, ఎసరు లెక్క మారుతుంది. ఇంగువ, ఎండుమిర్చి కూడా బియ్యంతో సమానంగా పెరగవు, తగ్గవు. ఆవిడ చేసిన కొలతే వేయండి. చిన్న కొలత కావాలంటే ఒకసారి వండి చూసి వేయండి.

ఫీజులు కట్టిన పిల్లల పేర్లు మాత్రం వాళ్లను అడక్కుండా రాయకండి. వాళ్లిప్పుడు పెళ్లిళ్లయి, పిల్లలున్నవాళ్లయి ఉంటారు, బంతిలో పక్కన కూర్చున్నవాడి చేతిలోనూ ఈ పుస్తకం ఉంటుంది. "వీధిలో అయిదుగురికి, జూన్ నెలలో, పుస్తకాలతో సహా" అంటే చాలు.

తిథి_వారం

చుక్కల_ముగ్గు గారూ, అంతా బాగుంది కానీ పనుల చుట్టూ రాస్తే కాలక్రమం చెదిరిపోతుంది. పదేళ్లు పోయాక చదివేవాళ్లకు ముందు పుట్టుక, పెళ్లి, కాన్పులు, ఊరు మారడం వరసగా కావాలి.

చుక్కల_ముగ్గు

వరస ఒక్క పేజీలో పట్టిక వేయండి, సరిపోతుంది. ముప్ఫై పేజీలు "తరవాత, ఆ తరవాత" అని నడిస్తే ఎవరూ చదవరు. పట్టికలో పురిట్లోనో పసితనంలోనో పోయిన బిడ్డలను కూడా చేర్చండి, చాలా ఇళ్లలో వదిలేస్తారు. ఆవిడ ఎన్నిసార్లు కన్నదో ఆ పట్టికే చెప్పాలి. బతికున్నవాళ్లకు మాత్రం పూర్తి పుట్టిన తేదీలు, ఫోన్ నంబర్లు, చిరునామాలు వద్దు. ఇలాంటి పుస్తకం ఫోటో తీసి గ్రూపుల్లో తిప్పుతారు, మోసగాళ్లకు అంతకన్నా ఏం కావాలి.

వత్తు_పొల్లు

అచ్చు పని. చెన్నైలో తెలుగు పుస్తకం చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే.

ప్రెస్సులో కంపోజ్ చేసే అబ్బాయికి తమిళం వచ్చు, తెలుగు రాదు. మీ వర్డ్ ఫైలు తెరిచి పాత పేజ్‌మేకర్లో అతికిస్తే యూనికోడ్ అక్షరాలు పెట్టెలు పెట్టెలుగా వస్తాయి. కోరల్‌డ్రా పాత వెర్షన్లలో వత్తులు విడిపోయి పక్కకు జరుగుతాయి. ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోకపోతే అక్కడా అదే గతి. ఏదో తేడాగా ఉందని అతనికి తెలియదు, అతని కంటికి అన్నీ ఒకటే. అందుకని అక్షరం ముక్క కూడా ప్రెస్సులో టైపు చేయించవద్దు. మీరే వర్డ్‌లోనో లిబ్రె ఆఫీస్‌లోనో పేజీలు కట్టి, ఫాంట్లు ఇమిడ్చిన పీడీఎఫ్ ఇవ్వండి. దిద్దుబాటు వస్తే మీరు దిద్ది కొత్త పీడీఎఫ్ ఇవ్వాలి.

మొదట ఈ ఒక్క లైను అచ్చు తీయించి చూడండి: "లక్ష్మి, స్త్రీ, జ్ఞానం, రాష్ట్రం, కృష్ణ, సంస్కృతి, ఆల్బమ్‌లో". ఇది సరిగ్గా వస్తే మిగతాదీ వస్తుంది. చివరి మాటలో మ్, లో కలిసిపోయి "మ్లో" అయితే మధ్యలో కనిపించని విడదీత గుర్తు పడలేదని అర్థం.

ఫాంటుకు మండలి గానీ ఎన్టీఆర్ గానీ వాడండి, రెండూ ఉచితం. చదివేది పెద్దవాళ్లు కాబట్టి 14 పాయింట్లు. లైన్ల మధ్య ఎడం కనీసం 1.4 ఉంచండి. ఇంగ్లీషుకు పెట్టే 1.15 పెడితే పై లైను వత్తులు కింది లైను గుడులకు తగులుతాయి. ఈ లెక్కన ఏ5 పేజీకి 160–180 మాటలు పడతాయి. ఫోటోలు, పట్టిక, పాటలు పోగా 18 పేజీలు మిగిలితే మూడు వేల మాటలు, అంతే. ముందే తెలిస్తే రాసేటప్పుడు చెయ్యి అదుపులో ఉంటుంది.

పేజీలు నాలుగుతో భాగించేలా ఉండాలి, 32 సరిగ్గా సరిపోతుంది. అట్ట విడిగా నాలుగు పేజీలు. మధ్యలో రెండు పిన్నులు చాలు. లోపలి కాగితం 90 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములన్న లెక్క) మ్యాప్‌లితో రకం, అంటే మెరుపు లేని మామూలు కాగితం, ఫోటోల పేజీలకు 130 జీఎస్‌ఎం మ్యాట్ ఆర్ట్, అట్ట 250 నుంచి 300. ఫోటోల పేజీలు పుస్తకం నడిమధ్య ఎనిమిది వచ్చేలా కట్టండి, కాగితం మార్చడం తేలిక. ఎక్కడపడితే అక్కడ పెడితే మొత్తం ఆర్ట్ పేపరు మీదే వేయాలంటారు, ట్యూబులైటు కింద అది మెరిసి అక్షరం కనపడదు. అంచు దాకా వెళ్లే బొమ్మలకు నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు అదనంగా ఉంచండి. అక్షరాలు నలుపు ఒక్క రంగులోనే ఉండాలి. నాలుగు రంగుల కలయికతో నలుపు చేస్తే అక్షరం అంచుల్లో ఎరుపూ నీలమూ తొంగిచూస్తాయి.

150 కాపీలకు డిజిటల్ ప్రింటింగే. ఆఫ్‌సెట్‌కు ప్లేట్లు చేయాలి, వందల్లో అది గిట్టదు. రాయపేట, ట్రిప్లికేన్ వైపు డిజిటల్ ప్రెస్సులున్నాయి. కాగితం చేత్తో తాకి ఎంచుకోవాలంటే ప్యారిస్ కార్నర్ దగ్గర అండర్సన్ వీధి. ఒక్క కాపీ పూర్తిగా కట్టించి, దాన్ని ఇంట్లో ముగ్గురు చదివాకే మిగతావి వేయమనండి. ముగ్గురికీ ఒకే పని ఇవ్వొద్దు: ఒకరు పేర్లు, ఒకరు తేదీలు, ఒకరు ఫోటోల కింది మాటలు.

వెస్ట్‌మాంబళం_మనవరాలు

అందరికీ ధన్యవాదాలు. జాతకంలో నక్షత్రం, వారం రెండూ ఉన్నాయి. వెతుకుతాను. ఇంకో చిక్కు: మా తరంలో సగం మందికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. మంగళహారతులు తమిళ లిపిలో వేస్తే బాగుంటుందా, ఇంగ్లీషు లిపిలోనా?

చుక్కల_ముగ్గు

తమిళ లిపే నయం. ఇంగ్లీషు లిపిలో ఎ–ఏ, ఒ–ఓ తేడా పోతుంది, తమిళంలో ఆ రెండూ ఉన్నాయి. కానీ క ఖ గ ఘ నాలుగింటికీ తమిళంలో ఒక్కటే అక్షరం. ఉత్తినే వేస్తే గౌరి "కౌరి" అవుతుంది, దీపం "తీపం", భక్తి "పక్తి" అవుతాయి. చందనాన్ని "సందనం" అని పాడతారు. తమిళంలో అచ్చయ్యే సంస్కృత స్తోత్రాల పుస్తకాలు చూడండి. అక్షరం పక్కన పైన చిన్న అంకెలు వేస్తారు: ఖ కు 2, గ కు 3, ఘ కు 4, అంకె లేకపోతే క. అదే పద్ధతి ప చ ట త లకూ. చెన్నైలో పెరిగినవాళ్లకు అది అలవాటే.

నోటుబుక్కులోని ఒక పేజీని ఆవిడ చేతిరాతతోనే ఫోటోగా కూడా వేయండి. ఆవిడ అరసున్న వాడి ఉంటే, క్రావడి ఇప్పటిలా కాక పాత పద్ధతిలో పెట్టి ఉంటే, దిద్దకండి.

పాతఫోటోల_పెట్టె

పాట వరస తెలిసినవాళ్లు ఇంట్లో ఉంటే పాడించి, క్యూఆర్ కోడ్ పెట్టొచ్చు. ఉచితంగా కోడ్ చేసిచ్చే సైట్లు కొన్ని తమ లింకు మీదుగా తిప్పుతాయి, కొన్నాళ్లకు అది ఆగిపోతుంది. ఆడియో ఉన్న అసలు లింకునే నేరుగా కోడ్‌గా మార్చే రకం ఎంచుకోండి. సైజు 2 సెంటీమీటర్లకు తగ్గొద్దు. నమూనా కాపీ వచ్చాక, లింకు పెట్టినవారి ఫోనుతో కాకుండా వేరేవాళ్ల ఫోనుతో తెరిచి చూడండి.

వత్తు_పొల్లు

ఒకటి మరిచాను. చివర రెండు పేజీలు గీతలు గీసి ఖాళీగా వదలండి. వచ్చినవాళ్లు తమకు తెలిసింది రాసిస్తే, చిన్న తప్పులూ, గుర్తుపట్టని ముఖాలూ అక్కడే తేలతాయి. అవి మ్యాప్‌లితో కాగితమే అయ్యుండాలి, ఆర్ట్ పేపరు మీద బాల్‌పెన్ను సిరా ఆరక పక్క పేజీకి అంటుతుంది. భోజనాల హడావుడిలో పెన్ను దొరకదు, పుస్తకాల కట్టతోనే ఓ పది పెన్నులు పెట్టి పంపండి.